క్యాసినోలో మ్యూజిక్ మోత: ఏ సౌండ్ చెవికి చేటు, ఏ సౌండ్ జేబుకి చేటు? | సౌండ్ రివ్యూ

అందరికీ నమస్కారం. ముందు ఈ ట్యూన్ వినండి.

టింగ్ టింగ్ టింగ్‌మంటూ పైకెక్కింది, చివర్లో చప్పట్లు కూడా పడ్డాయి. గెలిచినట్టే ఉంది కదా? ఇది క్యాసినోలో స్లాట్ మెషిన్ ట్యూన్, అంటే డబ్బు పెట్టి బటన్ నొక్కితే బొమ్మలు తిరిగే మెషిన్. ఇప్పుడు స్క్రీన్ మీద లెక్క చూడండి. 20 లైన్లు, అంటే బొమ్మలు కలిస్తే డబ్బులొచ్చే వరసలు, లైనుకి ఒక రూపాయి, మొత్తం పెట్టింది 20. తిరిగి వచ్చింది 8. అంటే 12 పోయాయి. పోయిన 12 రూపాయలకి మెషిన్ మేళతాళాలు వాయించింది.

ఈరోజు రివ్యూ ఆటల మీద కాదు, బఫే మీద అసలే కాదు. సౌండ్ మీద. గోవాలో పణజి దగ్గర మాండవి నదిలో తేలే క్యాసినోలకి వీకెండ్ వస్తే చాలు, మన హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ బ్యాచులకి బ్యాచులు దిగుతున్నాయి. చిన్న పడవెక్కి ఓడ దగ్గరికి వెళ్లి, లోపల అడుగు పెట్టగానే ముందు తగిలేది ఆ మోతే. మనకి అంతా ఒకే ముద్దలా వినిపిస్తుంది గానీ, అందులో మూడు రకాలున్నాయి. సీలింగ్ స్పీకర్లలో నడిచే పాట ఒకటి. స్టేజి షో, డీజే రెండోది. మెషిన్లు వాటంతట అవి చేసే చప్పుడు మూడోది. ఒక్కోటి మనల్ని ఒక్కో చోట కొడుతుంది.

స్లాట్ మెషిన్ల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అసలు తిరకాసు అక్కడే ఉంది. ఇందాక విన్న మోసపు ట్యూన్‌ని 'గెలుపు వేషం వేసుకున్న ఓటమి' అనుకోండి. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ పరిశోధకులు దీని మీద చాలా పని చేశారు. 2014లో వచ్చిన వాళ్ల ప్రయోగంలో 96 మందితో కొంతసేపు సౌండ్‌తో, కొంతసేపు సౌండ్ లేకుండా స్లాట్ ఆడించారు. ఆట అయ్యాక ఎన్నిసార్లు గెలిచారో చెప్పమన్నారు. సౌండ్ లేనప్పుడు నిజంగా గెలిచిన దానికంటే సుమారు 15 శాతం ఎక్కువ చెప్పారు. సౌండ్ ఉన్నప్పుడు 24 శాతం ఎక్కువ చెప్పారు. పైగా సౌండ్ ఉన్న ఆటే బాగుందన్నారు! అదీ సంగతి. ఇంటికొచ్చి 'చాలాసార్లు తగిలింది రా, కానీ డబ్బులెలా అయిపోయాయో తెలీలేదు' అనే మాట ఊరికే రాదు.

2018లో అదే దేశంలో, బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్ల ప్రయోగంలో ఇంకో విషయం తేలింది. గెలిచినప్పుడల్లా లైట్లూ సౌండ్లూ జోడిస్తే, మనుషులు రిస్కు ఎక్కువున్న ఎంపికల వైపు మొగ్గారు. బ్రిటన్‌లో అయితే 2021 అక్టోబర్ 31 నుంచి ఆన్‌లైన్ స్లాట్స్‌లో ఈ దొంగ సంబరాన్ని ఆపేశారు. పెట్టినంత గానీ అంతకంటే తక్కువ గానీ తిరిగొస్తే గెలుపు సౌండ్ మోగకూడదు. ఒక్కో స్పిన్‌కి కనీసం రెండున్నర సెకన్లు పట్టాలి. సౌండ్‌నీ స్పీడ్‌నీ ఒకే దెబ్బకి పట్టుకున్నారు. ఆ స్పీడ్ సంగతి ఇప్పుడు చెప్తాను.

ముందు చేతిలో పని. చాలా కొత్త మెషిన్లలో స్క్రీన్ కింది మూల చిన్న స్పీకర్ బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే వాల్యూమ్ తగ్గుతుంది, అన్నిటికంటే కింది మెట్టు దాకా తీసుకెళ్లండి. పక్క మెషిన్ల మోత ఎలాగూ ఆగదు, అందుకని వరుస మధ్యలో కాకుండా చివరి సీటు పట్టండి. ఇంకోటి, స్క్రీన్ మీద రెండు అంకెలు కనిపిస్తాయి: 'విన్', 'క్రెడిట్'. ట్యూన్ మోగేటప్పుడు మెరిసేది విన్ అంకె. మీ కన్ను క్రెడిట్ అంకె మీద ఉండాలి. స్పిన్‌కి ముందు 500, తర్వాత 488 అయితే ఎన్ని చప్పట్లు పడినా పోయింది 12. స్లాట్ ఏరియా సౌండ్‌కి నా మార్కులు పదికి 2.

ఇక పాట స్పీడ్, అంటే టెంపో. ఇంగ్లాండ్‌లో 2007లో 60 మందితో కంప్యూటర్ రూలెట్ మీద ఒక ప్రయోగం చేశారు. రూలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ నంబర్ మీద పడుతుందో పందెం కాసే ఆట. పాట వేగంగా ఉంటే బెట్లు కూడా వేగంగా పడ్డాయి. అయితే బెట్ సైజు పెరగలేదు, మొత్తం ఖర్చుకీ టెంపోకీ సంబంధం కనబడలేదు. కాబట్టి ఫాస్ట్ బీట్ వేస్తే జనం లక్షలు గుమ్మరిస్తారని చెప్పే వీడియోలని నమ్మకండి. కానీ అది ల్యాబ్. క్యాసినోలో మనం కూర్చునేది టైమ్ లెక్కన, 'ఒంటిగంట దాకా ఆడదాం' అని. అక్కడ స్పీడ్ డబ్బుగా మారుతుంది. ఎలాగో చూడండి.

గంటకి సగటున పోయేది ఎంతంటే: ఒక్క బెట్, ఇంటూ గంటకి ఎన్ని బెట్లు, ఇంటూ హౌస్ ఎడ్జ్, అంటే ప్రతి బెట్‌లో సగటున క్యాసినోకి మిగిలే వాటా. స్పిన్‌కి 50 రూపాయలు, హౌస్ ఎడ్జ్ 8 శాతం అనుకుందాం. ఆరు సెకన్లకి ఒక స్పిన్ కొడితే గంటకి 600 స్పిన్లు, తిరిగిన డబ్బు 30,000, సగటు నష్టం 2,400. అదే నాలుగు సెకన్లకి ఒకటి కొడితే 900 స్పిన్లు, 45,000, నష్టం 3,600. బెట్ ఒక్క రూపాయి పెంచలేదు. వేలు రెండు సెకన్లు ముందు కదిలింది, అంతే.

మరి లైవ్ టేబుల్ దగ్గరో? అక్కడ స్పీడ్ డీలర్ చేతిలో, అంటే ఆట నడిపే క్యాసినో ఉద్యోగి చేతిలో ఉంటుంది. చక్రం తిరగాలి, బంతి పడాలి, చిప్స్ (డబ్బుకి బదులు వాడే బిళ్లలు) తీయాలి, ఇవ్వాలి. అందర్ బాహర్ అనే పేకాట కూడా అంతే, మన లోనా-బయటా. ముక్కలు పంచే చేతిని మీ కాలి తాళం తొందరపెట్టలేదు. అందుకే అదే పాట, అదే వాల్యూమ్ అయినా స్లాట్ దగ్గర ఒకలా, టేబుల్ దగ్గర ఒకలా పనిచేస్తుంది.

టేబుల్ దగ్గర తలనొప్పి వేరు: మాట వినబడదు. మ్యూజిక్ పెరిగితే మనం తెలీకుండానే గొంతు పెంచుతాం. దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. జనం గొంతు పెంచితే పాట మునిగిపోతుందని సౌండ్ ఆపరేటర్ ఇంకో గీత పెంచుతాడు. జనం ఇంకా అరుస్తారు. సంక్రాంతి బరుల పక్కన గుండాట దగ్గర మైకు వాడూ, జనమూ పోటీపడి అరుచుకుంటారే, అదే వరస. ఆ గీతలు పెంచే పనిని ఆటోమేటిక్‌గా చేసే సిస్టమ్స్ కూడా ఉన్నాయి. హాల్లో ఒక మైకు గోల ఎంతుందో వింటుంది, దాన్ని బట్టి పాట పెరుగుతుంది. ఆ మైకుని స్పీకర్ పక్కనే బిగిస్తే అది తన పాటనే జనం గోల అనుకుని పెంచుకుంటూ పోతుంది. ఓడలో ఇంకో ఇబ్బంది కూడా. సీలింగ్ తక్కువ, గోడలన్నీ ఇనుము. కింద కార్పెట్ కీచు శబ్దాలని కొంత పీలుస్తుంది గానీ బేస్‌ని ఏమీ చేయలేదు. పై డెక్‌లో డీజే కొడితే కింది టేబుల్ దగ్గర గుండెకి తగిలేది అందుకే.

ఆ గోలలో డీలర్ చెప్పే 'నో మోర్ బెట్స్' (ఇక బెట్లు వద్దు) వినబడక చిప్ ఆలస్యంగా పెడతారు, డీలర్ వెనక్కి నెడతాడు, ఆ నంబరే పడుతుంది, ఇక గొడవ. అందుకని చెవిని నమ్మకండి, డీలర్ చెయ్యి చూడండి. టేబుల్ మీద అడ్డంగా చెయ్యి ఊపితే బెట్లు క్లోజ్. నోటితో బెట్ చెప్పకండి, 'ఐదొందలు' అన్నది 'ఐదువేలు'గా వినబడితే తేల్చుకోవడం కష్టం. చిప్ మీరే పెట్టండి. సీలింగ్ స్పీకర్ సరిగ్గా నెత్తి మీద లేని కుర్చీ దొరికితే లైవ్ టేబుల్స్‌కి 6 మార్కులు ఇవ్వొచ్చు.

స్టేజి, బార్ దగ్గర జేబు కంటే చెవీ గ్లాసూ ముఖ్యం. ఎంట్రీ ప్యాకేజీలో డ్రింక్స్ కలిసే ఉంటాయి కదా. ఫ్రాన్స్‌లో రెండు బార్లలో చేసిన ప్రయోగం 2008లో వచ్చింది. మ్యూజిక్‌ని 72 డెసిబెల్స్ నుంచి 88కి పెంచితే బీరు తాగేవాళ్లు గ్లాసు త్వరగా ఖాళీ చేశారు, సగటున ఎక్కువ గ్లాసులు తాగారు. మాట్లాడటానికి వీలు లేకపోతే చెయ్యి గ్లాసు మీదకే పోతుంది మరి. అక్కణ్నుంచి లేచి నేరుగా టేబుల్‌కి వెళ్లకండి.

చెవి లెక్క కూడా చెప్పేస్తాను. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం: 88కి 4 గంటలు, 91కి 2, 94కి గంట, 100కి 15 నిమిషాలు. ఇక్కడ కస్టమర్ కంటే డీలర్ పరిస్థితి కష్టం, మనం ఒక్క రాత్రికి వెళ్తాం, వాళ్లకి రోజూ షిఫ్టే. టేబుల్స్ దగ్గర ఫోన్ తీయనివ్వరు కాబట్టి యాప్‌తో కొలవడం కుదరదు. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న ఫ్రెండ్‌తో మామూలుగా మాట్లాడండి. గొంతు పెంచక తప్పలేదంటే 85 దాటినట్టే లెక్క.

ఇయర్ ప్లగ్స్ తీసుకెళ్తే ఫోమ్ వాటికంటే మ్యూజిషియన్లు వాడే రకం నయం. ఫోమ్ ప్లగ్ కీచు శబ్దాలని ఎక్కువ కోస్తుంది, డీలర్ మాట దుప్పట్లోంచి వచ్చినట్టు ఉంటుంది. ఫోమ్‌వే ఉన్నాయంటే, చేతులు కడుక్కుని సన్నగా నలపండి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి తోసి, అరనిమిషం వేలితో పట్టుకోండి. సగం బయటికి పొడుచుకొచ్చిందంటే పని చేయట్లేదు. ప్యాకెట్ మీద 33 డెసిబెల్స్ తగ్గిస్తుందని రాసి ఉన్నా అంత తగ్గదు, అది ల్యాబ్‌లో సరిగ్గా పెట్టినప్పటి అంకె.

బార్, స్టేజి ఏరియాకి 4 మార్కులు, అదీ వెనక వరుసలో కూర్చుంటేనే. మిగిలింది బయటి డెక్. గంటకోసారి పది నిమిషాలు అక్కడికి రండి, తెచ్చిన దాంట్లో ఎంత మిగిలిందో లెక్క చూసుకోండి. అక్కడా స్పీకర్ పెట్టారు గానీ, నది గాలికి దాని పాట సగమే వినిపిస్తుంది. దానికి 8.