బొగ్గుకన్నా నల్లని గ్రహం: ఆ నలుపును కొలిచిన తీరు

అందరికీ నమస్కారం.

ఇవాళ మనం చెప్పుకోబోయే గ్రహాన్ని కంటితో చూసినవాళ్లు లేరు, దాని ఫొటో కూడా లేదు. అయినా అది బొగ్గుకన్నా నలుపని ఖగోళ శాస్త్రవేత్తలు తేల్చారు. ఎలా తేల్చారో లెక్కతో సహా చూద్దాం.

గ్రహం పేరు ట్రెస్-2బి. డ్రాకో నక్షత్ర మండలంలో, సుమారు 700 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడిలాంటి ఓ నక్షత్రం చుట్టూ తిరుగుతోంది. 2006లో దీన్ని పట్టుకున్నవి 10 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపులు. గ్రహం అడ్డొచ్చినప్పుడల్లా నక్షత్రం వెలుగు ఒక శాతానికి కాస్త పైన తగ్గుతుంది. ఆ మాత్రం తగ్గుదల చిన్న పరికరానికీ అందుతుంది. నలుపు కొలవడం మాత్రం వాటి వల్ల కాదు.

ఆ పని 2009లో అంతరిక్షంలోకి ఎగిరిన కెప్లర్ టెలిస్కోపు చేసింది. మనవాళ్లు అభిజిత్ అని పిలిచే నక్షత్రం పక్కనున్న ఆకాశపు ముక్కనే అది ఏళ్ల తరబడి చూసింది. ఈ గ్రహం అదృష్టవశాత్తూ ఆ ముక్కలోనే ఉంది.

ఇక లెక్క. గ్రహం చుట్టు తిరిగేకొద్దీ దాని వెలుగు పడిన వైపు మనకు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా కనిపిస్తుంది. అది తిప్పికొట్టే వెలుగు ఆ మేరకు నక్షత్రం వెలుగుకు కలుస్తుంది. కొలవాల్సింది ఆ అదనపు వెలుగునే. గ్రహం వ్యాసార్థం దాదాపు 87 వేల కిలోమీటర్లు, నక్షత్రానికి దూరం 53 లక్షల కిలోమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.0164. దాన్ని వర్గం చేస్తే నక్షత్రం వెలుగు పది లక్షల పాళ్లనుకుంటే అందులో 270 పాళ్లు. గ్రహం పడిన వెలుగునంతా తిప్పికొట్టే తెల్లని బిళ్లలాంటిదైతే మనకు అందాల్సిన అదనపు వెలుగు ఇంత. గురుగ్రహం 52 శాతం తిప్పికొడుతుంది, ఆ లెక్కన 140 పాళ్లు రావాలి. 2011లో ఖగోళ శాస్త్రవేత్తలు డేవిడ్ కిప్పింగ్, డేవిడ్ స్పీగెల్ కెప్లర్ కొలతల్లో చూస్తే వచ్చింది ఆరున్నర పాళ్లు, అటూ ఇటూ 1.9. పది లక్షల రూపాయల్లో ఆరున్నర రూపాయల తేడా అన్నమాట. 270లో 6.5 అంటే రెండున్నర శాతం.

ఇంత చిన్న తేడా ఒక్క చుట్టులో దొరకదు. గ్రహానికి ఒక చుట్టు 2.47 రోజులు. దాదాపు 50 చుట్ల కొలతలను ఆ నిడివి ముక్కలుగా కోసి, మడతపెట్టిన చీరల్లా ఒకదానిమీద ఒకటి పేర్చాలి. అప్పుడు కొలతల్లోని గజిబిజి ఏడో వంతుకు తగ్గుతుంది.

పని చెడేది ఇక్కడే. టెలిస్కోపు వేడెక్కడం, చల్లబడటం, కాస్త కదలడం వల్ల వెలుగు కొలతల గీత మెల్లగా పైకీ కిందికీ జారుతుంది. దాన్ని సరిచేయక తప్పదు. కానీ సరిచేసే వడపోత రెండు మూడు రోజుల మార్పులను కూడా తుడిచేసేదైతే, గ్రహం వెలుగు కూడా అందులోనే పోతుంది. ఆ తర్వాత ఎంత వెతికినా గ్రహం నల్లగానే కనిపిస్తుంది! అందుకే వడపోత నిడివి చుట్టు నిడివికన్నా బాగా ఎక్కువ ఉండాలి. గ్రహం లాగుడుకు నక్షత్రం కాస్త కోలగా సాగడం వల్ల కూడా వెలుగు మారుతుంది. అయితే అది చుట్టుకు రెండుసార్లు పెరుగుతుంది, గ్రహం తిప్పికొట్టే వెలుగు ఒక్కసారే. ఆకారాన్ని బట్టి వేరు చేయొచ్చు.

మరో మెలిక ఉంది. గ్రహం వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, కాబట్టి సొంతంగానూ కాస్త వెలుగుతుంది. ఆ ఆరున్నర పాళ్లలో కొంత ఈ సొంత వెలుగుదే. నమూనాలతో దాన్ని తీసేస్తే తిప్పికొట్టేది ఒక శాతంలోపే ఉండొచ్చు.

పత్రికలు ఈ అంకెను నేరుగా బొగ్గు తిప్పికొట్టే వెలుగు శాతం పక్కన పెట్టేస్తాయి. అది పూర్తిగా సరికాదు. గ్రహానికి చెప్పే శాతం, అంతే వెడల్పున్న చదునైన తెల్లని బిళ్లతో పోల్చి చెప్పేది. గరుకు ఉపరితలం ఉన్న గోళం విషయంలో ఉపరితలపు శాతంలో మూడింట రెండు వంతులే ఇందులో కనిపిస్తుంది. అయినా ఇది నల్లని గ్రహాల్లో ముందు వరసలోదే.

ఎందుకింత నలుపు? గురుగ్రహాన్ని తెల్లగా ఉంచే అమ్మోనియా మేఘాలు ఈ వేడికి ఏర్పడవు. సోడియం, పొటాషియం ఆవిర్లు, బహుశా టైటానియం ఆక్సైడ్ కూడా, వెలుగును మింగుతాయి. ఇంత నలుపుకు అవి చాలుతాయా అన్నది తేలలేదు. వేడొక్కటే కారణమనీ అనలేం. ఇంచుమించు అంతే వేడున్న కెప్లర్-7బి అనే మరో గ్రహం మూడో వంతు వెలుగును తిప్పికొడుతోంది, దానికి మేఘాలున్నాయి. ఆ గ్రహం బరువు గురుడిలో సగం కూడా లేదు, ఆకర్షణ తక్కువ. అక్కడ మేఘపు రేణువులు పైనే తేలుతూ ఉంటే, ఐదింతల ఆకర్షణ ఉన్న ట్రెస్-2బిలో అవి లోతుకు రాలిపోతూ ఉండొచ్చు.

దగ్గరికి వెళ్లి చూడగలిగితే దాని చీకటి వైపు కాటుకలా కాకుండా, ఆరబోయే నిప్పులా మసక ఎరుపుగా కనిపిస్తుంది.