ఫెన్స్ ఆఫ్ అనాలా, ఫెన్స్ ఇన్ అనాలా?

తెర మీద: నేల తవ్విన గొయ్యి, చుట్టూ తాత్కాలిక కంచె.

నమస్తే అండీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనో మెయిల్ రాశాను. ఆఫీసు ఆవరణలో పైపు కోసం గొయ్యి తవ్వారు, వచ్చేపోయేవాళ్లు పడిపోకుండా దాని చుట్టూ కంచె కట్టారు, అదే చెబుదామని 'వియ్ హావ్ ఫెన్స్‌డ్ ఇన్ ద విజిటర్స్' అని కొట్టి పంపేశాను. అంటే వచ్చినవాళ్లందర్నీ గొర్రెల్లా దొడ్లో తోలి కంచె వేశామని! మేనేజరుగారు ఒకటే నవ్వు. రాయాల్సింది 'వియ్ హావ్ ఫెన్స్‌డ్ ఆఫ్ ద పిట్'.

మనం 'కంచె వేశారు' అని ఊరుకుంటాం. లోపల ఎవరు, బయట ఎవరు అన్నది సందర్భమే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఆ సంగతి ఫెన్స్ పక్కన వచ్చే బుల్లి మాట చెబుతుంది, అందుకే అక్కడ పొరపాటు పడతాం.

తెర మీద: పెరడు, ఒక మూల టమాటా మడి, కోళ్లు.

కోళ్లు మడిలో దూరి మొక్కలన్నీ గీరేస్తున్నాయి. మడికి దడి కట్టి మిగతా పెరటి నుంచి విడదీశాం. ఇది ఫెన్స్ ఆఫ్. 'షి ఫెన్స్‌డ్ ఆఫ్ ద టొమాటో ప్యాచ్.' 'ఇట్' వాడితే మాత్రం అది మధ్యలోకి రావాల్సిందే: 'షి ఫెన్స్‌డ్ ఇట్ ఆఫ్'. 'ఫెన్స్‌డ్ ఆఫ్ ఇట్' అనకూడదు. పలకడం కూడా చూడండి, రాతలో చివర 'డ్' ఉన్నా నోట్లో వచ్చేది 'ట్', వేగంగా అంటే 'ఫెన్స్‌టాఫ్' అని వినిపిస్తుంది.

ఇప్పుడు మడిని వదిలేసి కోళ్ల చుట్టూనే దడి కట్టామనుకోండి, అది ఫెన్స్ ఇన్. స్థలం మొత్తానికి చుట్టూ కంచె వేసినా ఇదే మాట వాడతారు. అవి లోపలికి రాకుండా ఆపడమే ముఖ్యమైతే ఫెన్స్ అవుట్ అని కూడా ఉంది.

ఈ మూడూ ఒకేచోట ఢీకొన్న కథ ఒకటుంది, అమెరికాది. అక్కడి మైదానాల్లో కంచెకు సరిపడా కలప లేదు, పశువులు వందల మైళ్లు స్వేచ్ఛగా మేసేవి, పంట కాపాడుకోవాలంటే రైతే వాటిని ఫెన్స్ అవుట్ చేసుకోవాలి. 1874లో ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంట్ తీసుకున్నాక సీను మారిపోయింది. పెద్ద పశుపోషకులు చౌకగా తీగ లాగి మేత భూములు ఫెన్స్ ఇన్ చేసేశారు, కొందరైతే నీళ్లున్న చోట్లను, దారులను కూడా ఫెన్స్ ఆఫ్ చేశారు. కరువొచ్చింది. చిన్నవాళ్ల పశువులు తీగ ఇవతల దాహంతో నిలబడ్డాయి. 1883లో టెక్సస్‌లో జనం రాత్రిళ్లు కటింగ్ ప్లేయర్లు పట్టుకుని తీగలు తెంపడం మొదలెట్టారు, మరుసటి ఏడాది ప్రభుత్వం కంచె తెంపడాన్ని పెద్ద నేరం చేసింది. ఇంత గొడవకు మూలమైన ఫెన్స్ అన్న మాట 'డిఫెన్స్' తోక తెగితే వచ్చిందే. కత్తి యుద్ధం ఫెన్సింగ్ కూడా ఆ కొమ్మదే.

మనుషుల విషయానికొస్తే, 'ఐ ఫీల్ ఫెన్స్‌డ్ ఇన్' అంటే కాళ్లకు బంధం వేసినట్టుందని. ఇంటి నుంచి పనిచేస్తూ నాలుగు గోడల మధ్య నెలలు గడిపినవాళ్లకి వేరే అర్థం చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆఫ్ వాడకండి, కుదరదు. ఇక 'ఆన్ ద ఫెన్స్' అంటే ఎటూ తేల్చనివాడు, మన గోడ మీద పిల్లే, కాకపోతే మన పిల్లి గాలి ఎటు వీస్తే అటు దూకుతుంది, వాళ్లవాడు కూర్చునే ఉంటాడు.

చివరగా రింగ్‌ఫెన్స్, బ్రిటిష్ వాళ్ల వార్తల్లో తరచూ వినిపిస్తుంది. భూమి కాదు, డబ్బు. జీతం రాగానే పిల్లల ఫీజుకని కొంత తీసి బీరువాలో చీరల కింద పెట్టేసి, ఏ అవసరమొచ్చినా దాని జోలికి పోం చూడండి, అదే.