నికోదేము అడిగిన ప్రశ్న

వేదిక మీదున్న అయ్యగారికి, సంఘ పెద్దలకు, పొద్దుటి నుంచి వంటల దగ్గర కష్టపడుతున్న అమ్మలకు, అక్కలకు, దూరం నుంచి వచ్చిన యువతీయువకులకు, అందరికీ యేసుక్రీస్తు నామంలో వందనాలు. పరిచయం చేసిన తమ్ముడు నా గురించి చాలా చెప్పాడు. అందులో ఒక్క మాట చాలు: నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే వకీలును. వాక్యాన్ని కూడా వకీలు చదివినట్టే చదువుతాను, మన్నించాలి. మీరు నాకిచ్చిన అంశం ‘నేటి సమాజంలో సత్యమా, భావోద్వేగమా?’ పిలవగానే ఒప్పుకున్నాను. 2019 డిసెంబర్ నుంచి మనసులో మోస్తున్న మాట ఒకటుంది. అది మన వాళ్ల మధ్యే చెప్పాలి.

యోహాను సువార్త 7వ అధ్యాయం తీయండి. పర్ణశాలల పండుగ రోజులు. యేసును పట్టుకురమ్మని పంపిన బంట్రౌతులు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ప్రధాన యాజకులు, పరిసయ్యులు మండిపడుతున్నారు. ఆ గుంపులో నికోదేము ఒక్కడే నోరు విప్పాడు. యేసు నిర్దోషి అనలేదు, ఆయన ప్రవక్త అనలేదు. ఒక మనిషి మాట వినకముందే, అతను ఏం చేశాడో తెలుసుకోకముందే మన ధర్మశాస్త్రం అతనికి తీర్పు తీరుస్తుందా అని మాత్రం అడిగాడు. 51వ వచనం. దానికి వాళ్లు జవాబు చెప్పారా? లేదు. 52వ వచనం చూడండి: “నీవును గలిలయుడవా?” అన్నారు. అడిగింది చట్టం గురించి. వాళ్లు ఎత్తుకున్నది అడిగినవాడి ఊరు సంగతి.

ఈ రెండు వచనాల మీద వేలు పెట్టి ఉంచండి. మళ్లీ వస్తాను.

మీలో చాలామంది అప్పటికి స్కూల్లో ఉండి ఉంటారు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర, తొండుపల్లి టోల్‌ప్లాజా పక్కన, ఒక యువ పశువైద్యురాలిని పాడుచేసి చంపేశారు. శవాన్ని చటాన్‌పల్లి అండర్‌పాస్ కింద తగలబెట్టారు. పోలీసులు ఆమెకు ‘దిశ’ అని పేరు పెట్టారు. నలుగురు నిందితులను పట్టుకున్నారు. డిసెంబర్ 6, శుక్రవారం తెల్లవారుజామున సీన్ రీకన్‌స్ట్రక్షన్ అని, అంటే నేరం ఎలా జరిగిందో చూపించమని, వాళ్లను అక్కడికే తీసుకెళ్లారు. నలుగురూ చనిపోయారు. మా ఆయుధాలు లాక్కుని కాల్చారు, మేం ఎదురుకాల్పులు జరిపాం అని పోలీసులు చెప్పారు.

ఆ రోజు నేను కోర్టు పని మీద అటుగా వెళ్లాను. హైవే మీద బండ్లు కదలడం లేదు. జనం వంతెన రెయిలింగ్ ఎక్కి నిలబడ్డారు. క్యారీబ్యాగుల నిండా పూల రేకులు తెచ్చి పోలీసుల మీద చల్లుతున్నారు, మిఠాయిలు పంచుతున్నారు, జిందాబాద్ అంటున్నారు. నా కారు పక్కనే ఒక కుర్రాడు ఫోన్ పైకెత్తి లైవ్ పెట్టాడు. మెడలో సిలువ గొలుసు. కళ్లలో నీళ్లు. నటన కాదు, నిజంగా ఏడుస్తున్నాడు. పది రోజులుగా టీవీల ముందు కూర్చుని రగిలిపోయిన పిల్లవాడు. ఆ కన్నీళ్లను నేను తప్పు పట్టను. ఒక ఆడపిల్లకు అలా జరిగితే కడుపు మండకపోతే మనం మనుషులమే కాదు.

నన్ను ఇన్నాళ్లూ నిద్రపోనివ్వనిది ఆ శుక్రవారం తర్వాత వచ్చిన ఆదివారం. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో రెండో ఆదివారం. నేను వెళ్లే సంఘంలో సంఘ ప్రార్థన చేస్తూ, ‘ప్రభువా, నీ తీర్పు ఆలస్యం కాలేదు, నీకు వందనాలు’ అని దేవుణ్ణి స్తుతించారు. హాలంతా చప్పట్లు. ఆమెన్, ఆమెన్. ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను: అయ్యగారూ, ఆ నలుగురి మాట ఏ జడ్జీ వినలేదు, చార్జిషీటు కూడా పడలేదు, మరి దాన్ని దేవుని తీర్పు అని ఎలా అన్నారు? ఆయన నా వైపు చూసి ఒకటే మాట అన్నారు: “వకీలుగారూ, మీకు ఆడపిల్లలు లేరా?”

ఉంది. నాకూ కూతురుంది. ఆ శంషాబాద్ దారిలోనే రాత్రి బస్సుకు ఇంటికి వచ్చేది. కానీ అయ్యగారు అడిగింది నా కూతురి క్షేమం గురించి కాదు. ఇప్పుడు వేలు పెట్టిన చోట మళ్లీ చదవండి. “నీవును గలిలయుడవా?”

మన కాలపు అసలు జబ్బు ఇదే అని నేను నమ్ముతున్నాను. ఏది నిజం, ఏది న్యాయం అని అడిగితే, నీకు బాధ లేదా అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఎంత మండితే అంత న్యాయం మన వైపు ఉన్నట్టు లెక్క. టీవీ యాంకర్ గొంతు పెంచితే నిజం పెరిగినట్టు, వీడియో కింద ఏడుపు బొమ్మలు ఎక్కువైతే తీర్పు వచ్చేసినట్టు. అదేంటి అని ఆగి అడిగినవాడు రాతి గుండె వాడు అయిపోతాడు.

మరి దేవుడు ఎలా చేశాడో చూడండి. ఆదికాండం 18. సొదొమ గురించిన మొర పరలోకానికి చేరింది. ఆయనకు తెలియనిదేముంది? అయినా ఏమన్నాడు? నేను దిగిపోయి, నా దగ్గరికి వచ్చిన మొర ప్రకారమే వాళ్లు చేశారో లేదో చూస్తాను అన్నాడు. 21వ వచనం. సర్వజ్ఞుడు విచారణకు దిగాడు, సోదరులారా! ఏదెను తోటలో ఆదామును ‘ఎక్కడున్నావు?’ అని అడిగాడు. తమ్ముడి రక్తం నేలలో నుంచి మొరపెడుతుంటే కూడా కయీనును ముందు ప్రశ్న అడిగాడు. దేవుడే అడిగి, విని, తర్వాత తీర్పు చెప్తే, అడగకుండా వినకుండా తీర్పు చెప్పే అధికారం మనకెక్కడిది?

ఆ నలుగురి సంగతిలో తర్వాత ఏమైందో మన సంఘాల్లో చాలామందికి తెలియదు, ఎందుకంటే అప్పటికి కెమెరాలు వెళ్లిపోయాయి. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ వేసింది. ఆ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథనం నమ్మదగ్గది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లు అని కూడా రాసింది. ఆ వారం కూడా నేను ఆదివారం ఆరాధనకు వెళ్లాను. ఆ ముందటి స్తుతి గురించి ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు.

వాళ్లు మంచివాళ్లని నేను అనడం లేదు. నేరం చేశారేమో, కోర్టులో రుజువై కఠిన శిక్ష పడేదేమో. మరణశిక్ష ఉండాలా వద్దా అన్నది ఇంకో రోజు మాట్లాడుకుందాం. పిలాతు ముందు నిలబడ్డవాళ్లు ఏమన్నారు? నేరం ఏమిటని పిలాతు అడిగితే, ‘వీడు దుర్మార్గుడు కాకపోతే నీకు అప్పగించేవాళ్లమా?’ అన్నారు. యోహాను 18:30. పట్టుకున్నారంటే చేసే ఉంటాడు! ఈ మాట నేను కోర్టు వరండాలో రోజూ వింటాను. ఆ మాట మీదనే మన రక్షకుణ్ణి సిలువకు పంపారు. సిలువను మెడలో వేసుకున్న మనం ఆ మాట అనకూడదు.

ఇంకో సంగతి. దిశ ఇంటివాళ్లు ఆ రాత్రి పోలీసుల దగ్గరికి వెళ్తే, ఇది మా పరిధి కాదు అని తిప్పారని వాళ్లే చెప్పారు. ఆ ఆలస్యానికి ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ గంటల సంగతి దేశమంతా అడగాల్సిన ప్రశ్న. డిసెంబర్ 6 తర్వాత ఆ ప్రశ్న ఎవరికి గుర్తుంది? పూల కింద కప్పబడిపోయింది. రెండో సమూయేలు 12లో ప్రవక్త నాతాను పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్తే రాజు దావీదు ఎంత కోపపడ్డాడు! ఆ పని చేసినవాడు చావాల్సిందే అన్నాడు. ఆ కోపం నిజమైనదే. కానీ తాను చంపించిన ఊరియా నెత్తురు తన చేతికి ఉండగా, ఎవరి గొర్రెపిల్ల కోసమో మండిపడుతున్నాడు. ఎదుటివాడి పాపం మీద వచ్చే ఆవేశం మన పాపాన్ని మనకు కనిపించనివ్వదు. అందుకే నాతాను వేలు పెట్టి చూపాల్సి వచ్చింది: “ఆ మనుష్యుడవు నీవే.”

నిర్వాహకులు చీటీ పంపారు, పది నిమిషాలే ఉందట. రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెడతాను. ఇది మాత్రం చెప్పాలి.

దిశ సంఘటనకు మూడు రోజుల ముందు, అదే నవంబర్ 24న, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిన్న చిన్న వస్తువులు అమ్ముకునే ఒక దళిత తల్లిని కూడా పాడుచేసి చంపారు. ఆమెకు ‘సమత’ అని పేరు పెట్టారు. మీలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? చేతులెత్తండి. చూశారా. ఒకే వారం, ఒకే రాష్ట్రం. ఒకరి కోసం పార్లమెంటు కదిలింది, రెండో ఆమె కోసం మన సంఘంలో కనీసం ప్రార్థన జరగలేదు. భావోద్వేగానికి ముఖం చూసే అలవాటుంది. తన కూతురిలా కనిపించినవాళ్ల కోసం ఏడుస్తుంది. సామాన్లు మోసుకుంటూ గూడేల వెంట తిరిగే ఆమె దానికి కనిపించదు. ‘నరహత్య చేయకూడదు’ అన్న ఆజ్ఞలో మాత్రం అలాంటి తేడా లేదు. సమత కేసులో ఏమైందో తెలుసా? ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు. సాక్షులు వచ్చారు, వాదనలు జరిగాయి, 2020 జనవరి 30న తీర్పు వచ్చింది, ముగ్గురూ దోషులని తేలింది. రెండు నెలలు దాటి కొద్ది రోజులే. కోర్టులు ఎప్పటికీ తేల్చవు కాబట్టి కాల్చేయాల్సిందే అని మనకు చెప్పినవాళ్లకు అదే చలికాలంలో వచ్చిన జవాబు ఇది.

అన్ని కేసులూ అలా తేలవు, నాకు తెలుసు. మిర్యాలగూడ ప్రణయ్ మన పిల్లవాడు, క్రైస్తవుడు. 2018 సెప్టెంబర్ 14న గర్భిణి అయిన భార్య కళ్ల ముందే నరికారు. నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చి 10న వచ్చింది. ఆరేళ్లు పైనే. ఈ ఆలస్యం పాపమే, దాని మీద మనం గొంతెత్తాలి. కానీ అప్పుడు కూడా భావోద్వేగం ఏం చేసిందో గుర్తుచేసుకోండి. ‘కన్న తండ్రి బాధ మీకేం తెలుసు’ అంటూ చంపించిన ఆ అమ్మాయి తండ్రి వైపు కూడా కన్నీళ్లు కారాయి. ఒకచోట ఆడపిల్ల తండ్రి బాధ పేరుతో కాల్చివేతను పొగిడారు, ఇంకోచోట అదే బాధ పేరుతో కులహత్యను వెనకేసుకొచ్చారు. బాధను కొలతగా పెట్టుకుంటే దేన్నయినా సమర్థించవచ్చు.

మరి క్రైస్తవుడు ఏడవకూడదా? కోపపడకూడదా? అలా ఎవరు చెప్పారు? లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు. మార్కు 3లో, ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి, గలవాణ్ణి బాగుచేస్తే తప్పుపట్టాలని కాచుకున్నవాళ్లను ఆయన కోపంతో కలియజూశాడు. వాళ్ల గుండె గట్టిదనానికి దుఃఖపడ్డాడు కూడా. కోపం, దుఃఖం రెండూ ఒకే వచనంలో ఉన్నాయి, 5వ వచనం. ఆ కోపం దేనికి దారి తీసింది? ‘నీ చెయ్యి చాపు’ అన్నాడు, చెయ్యి బాగైంది. ఆ సమాజమందిరంలో ఒక్కరి మీద కూడా ఆయన చెయ్యెత్తలేదు. నరుని కోపం దేవుని నీతిని నెరవేర్చదని యాకోబు రాశాడు. కోపం వద్దని రాయలేదు, నిదానించమన్నాడు.

కుష్ఠు రోగులకు సేవ చేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను 1999 జనవరిలో ఒడిశా మనోహర్‌పూర్‌లో జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ గారు క్షమించానన్నారు. ఆమెకు బాధ లేకనా? ముగ్గురిని ఒక్క రాత్రిలో పోగొట్టుకుంది. కానీ క్షమించడం వేరు, చట్టం తన పని చేయడం వేరు అని ఆమె స్పష్టంగా చెప్పారు. ఆ తర్వాత కూడా బారిపదలో కుష్ఠు రోగుల మధ్యే ఉండి సేవ చేశారు. గుంపు ఆవేశంతో నిర్ణయం తీసుకునే మనిషికి ఈ రెండూ ఒకేసారి సాధ్యం కావు. ముందు నుంచీ సత్యంలో నిలబడినవాళ్లకే అవుతుంది.

పెద్దలకు ఒక విన్నపం. ఆరాధనలో దేవుడున్నాడా లేడా అన్నది ఒళ్లు జలదరించిందా లేదా అన్నదాన్ని బట్టి కొలవడం పిల్లలకు మనమే నేర్పుతున్నాం. ప్రార్థన మధ్యలో కీబోర్డు పెంచుతాం, దీపాలు తగ్గిస్తాం, ఏడిస్తే ఆత్మ దిగాడంటాం. ఆదివారం కన్నీళ్లే కొలత అయినప్పుడు, శుక్రవారం వంతెన మీది కేకలు కూడా దేవుని పనిలాగే అనిపిస్తాయి. సంగీతం వద్దని కాదు. నిర్గమకాండం 23 కూడా నేర్పండి, కీడు చేయడానికి గుంపు వెంట పోవద్దన్న ఆజ్ఞ అక్కడుంది. దాని పక్కనే, పేదవాడని కూడా వ్యాజ్యంలో పక్షపాతం చూపవద్దని ఉంది. జాలి కూడా తీర్పును వంచకూడదన్నమాట.

ఆ నలుగురూ మక్తల్ దగ్గరి పల్లెల వాళ్లు. వాళ్లలో ఒకరి భార్య అప్పటికి గర్భవతి. ఆ ఇళ్లకు మా సంఘం నుంచి ఎవరూ వెళ్లలేదు. దిశ ఇంటికి కూడా, సమత ఇంటికి కూడా వెళ్లలేదు. చప్పట్లు మాత్రం కొట్టాం.

ఇప్పుడు మీతో ఒక పని ఉంది, అందుకే ముందుగా అయ్యగారి అనుమతి తీసుకున్నాను. భోజనాల తర్వాత ఆటలకు వెళ్లేముందు ఒక అరగంట నాకివ్వండి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), అమల్లోకి వచ్చింది. అందులో 173వ సెక్షన్ ప్రకారం ఒక ఇంటి బిడ్డకు ఏదైనా జరిగిందని స్టేషన్‌కు వెళ్తే, మా పరిధి కాదు అని తిప్పి పంపడానికి వీల్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు రాసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటాం. ఆ అర్జీ ఎలా రాయాలో, తీసుకోకపోతే పైన ఎవరికి పంపాలో రాయించి చూపిస్తాను. ప్రతి సంఘం నుంచి ఇద్దరైనా, ఒక అమ్మాయి ఒక అబ్బాయి, నేర్చుకుని వెళ్లాలి. కాగితం, పెన్ను తెచ్చుకోండి. చెట్టు కింద ఉంటాను.