వీధి దీపం గ్లాసు ఎవరు తుడిచారు?

నమస్కారం. బెంగాలీ పండితుడు, సంఘసంస్కర్త ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వీధిలో గ్యాస్ దీపం కింద కూర్చుని చదువుకున్నారనే మాట మళ్లీ ఎక్కడో విన్నాను. విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కలకత్తా వీధుల్లో గ్యాస్ దీపాలు వెలిగింది 1857లో. అప్పటికి ఆయన సంస్కృత కళాశాలకు ప్రిన్సిపాల్! విద్యార్థిగా వీధి దీపం కింద చదివి ఉంటే అది నూనె దీపమే అయి ఉండాలి. ఆ వెలుతురులో అక్షరం కనపడాలంటే ఆ రోజు ఎవరో ఒకరు దాని గ్లాసు తుడిచి ఉండాలి. ఆ మనిషి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

మా నాయనమ్మ పొద్దు వాలకముందే లాంతరు ముందేసుకుని కూర్చునేది. గ్లాసు లోపలికి పెద్దవాళ్ల చెయ్యి పట్టదు కాబట్టి ఆ పని నాది. పొయ్యిలో బూడిద, పాత చీర ముక్క. మసి పోయేదాకా తిప్పి తిప్పి తుడవాలి. ఆవిడ వత్తి కొస సమంగా కత్తిరించేది. ఒక్కరోజు బద్ధకిస్తే రాత్రికి ఇల్లంతా మసక.

ఆ లాంతర్లను వేల సంఖ్యలో స్తంభాలెక్కించండి. అదే 19వ శతాబ్దపు లండన్.

అక్కడ 1807లో పాల్ మాల్ వీధిలో గ్యాస్ దీపాలు వెలిగించి చూపించారు. 1813 చివరి రాత్రి వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద వెలిగాయి. గాలి చొరకుండా మూసిన పాత్రలో బొగ్గును బాగా వేడి చేస్తే గ్యాస్ వస్తుంది. దాన్ని సున్నంతో శుభ్రం చేసి గొట్టాల్లో పంపేవారు. దాంతో నూనె పోసే పని, వత్తి కత్తిరించే పని పోయాయి. గ్లాసు తుడిచే పని మాత్రం పోలేదు.

(స్క్రీన్ మీద: పాత దీపస్తంభం)

ఇక్కడ గ్లాసు కింద అడ్డంగా ఒక కడ్డీ ఉంది, చూశారా? అది అందం కోసం పెట్టింది కాదు, నిచ్చెన ఆనించడానికి. నాకు ఈ స్తంభంలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ కడ్డీయే. చీకటి పడేవేళ మనిషి వచ్చి కుళాయి తిప్పి మంట అంటించాలి, తెల్లవారుజామున మళ్లీ వచ్చి కట్టెయ్యాలి. మసి పట్టిన అద్దాలు కడగాలి. అద్దం పగిలిందా, గాలికి మంట ఆరిపోతుంది, గ్యాస్ మాత్రం బయటికి వస్తూనే ఉంటుంది. చలికాలంలో గొట్టాల్లో నీరు చేరి మంట రెపరెపలాడుతుంది. ఇదంతా ఒక్క దీపం సంగతి. ఒక్కో మనిషికి అలాంటివి వరసగా ఎన్నో!

ఇంకో సంగతి. చాలా ఊళ్లలో వెన్నెల రాత్రుల్లో దీపాలు వెలిగించేవారు కాదు. ఏ రోజు చంద్రుడు ఎప్పుడు ఉదయిస్తాడో లెక్క చూసుకుని ముందే పట్టిక వేసుకునేవారు, మనం పంచాంగం చూసుకున్నట్టు. పున్నమి నాడు మబ్బు పట్టిందంటే ఊరంతా చీకటే.

టైమ్ అయిపోతోంది, బొగ్గు పొగ భవనాలను ఏం చేసిందో గబగబా చెప్పేస్తాను. బ్రిటిష్ పార్లమెంటు 1834లో కాలిపోయింది. 1840లో సున్నపురాయితో మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. పని పూర్తి కాకముందే రాయి పెచ్చులూడింది. 1861లో దీని మీద కమిటీ వేయాల్సి వచ్చింది. కారణం బొగ్గు పొగ. అందులోని గంధకం తేమతో కలిసి ఆమ్లమై రాయిని తినేసింది. అంటే ఊరు మొత్తం మా లాంతరు గ్లాసులాగే మసిబారింది. గ్లాసు మసి బూడిదతో పోతుంది, తినేసిన రాయిని మాత్రం చెక్కి తీసి కొత్తది పెట్టాల్సిందే.

1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ మాంటిల్‌కు, అంటే గ్యాస్ మంట మీద తొడిగితే వేడికి తెల్లగా వెలిగే వలకు, పేటెంట్ తీసుకున్నాడు, వెలుతురు ఎన్నో రెట్లు పెరిగింది. ఆ తర్వాత కరెంటు వచ్చింది. అయినా లండన్‌లో వెయ్యికి పైగా గ్యాస్ దీపాలు ఈనాటికీ ఉన్నాయి. వెలిగించి ఆర్పే పని గడియారాలు చూసుకుంటాయి. ఆ గడియారాలకు కీ ఇవ్వడానికి, గ్లాసు తుడవడానికి ఇప్పటికీ మనిషే నిచ్చెన వేసుకుని ఎక్కుతున్నాడు.