‘ఏం లేదులే’ అనకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చెప్పి మొదలుపెట్టడం మర్యాద. నాకిచ్చింది పదిహేను నిమిషాలు, చెప్పాల్సింది మా నాన్న గురించి. అందుకే అందరికీ కలిపి ఒకే నమస్కారం. నా మాట వినబడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి. మధ్యలోనైనా సరే.

మార్చి 3 ప్రపంచ వినికిడి దినం కాబట్టి చెవి ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను ఎక్కువగా మనసు గురించే మాట్లాడతాను. మా ఇంట్లో చెవి జబ్బు మనసు జబ్బు వేషంలో వచ్చింది. నాలుగేళ్ళు మేం దాన్ని పోల్చుకోలేకపోయాం.

మొదట టీవీ సౌండ్ పెరిగింది. తర్వాత నాన్న అందరినీ విసుక్కోవడం మొదలుపెట్టారు. ‘మీరంతా గొణుగుతారు, నోరు తెరిచి మాట్లాడరు’ అనేవారు. సరే అని గట్టిగా చెబితే, ‘అరుస్తావెందుకు, నాకేమన్నా చెవుడా?’ అని కోప్పడేవారు. ఇదేం చాదస్తం అనుకున్నాం. ఆయన చెప్పిన రెండూ అక్షరాలా నిజమని చాలా ఆలస్యంగా తెలిసింది.

లోపలి చెవిలో, నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలో సన్నని రోమకణాలు ఉంటాయి. ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. మనిషికి అవి ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సన్నని, పదునైన శబ్దాలను పట్టుకునే కణాలు ముందు దెబ్బతింటాయి. ఆ, ఓ లాంటి అచ్చులు బాగానే వినబడతాయి. స, త, క, ట లాంటివి జారిపోతాయి. ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి: పాట, పాత, పాక. చివరి హల్లు తీసేస్తే మూడూ ఒకటే. పెదాలు చూసినా తేడా తెలియదు. అందుకే ‘వినబడుతోంది కానీ అర్థం కావట్లేదు’ అంటారు. ఇక గొంతు పెంచామా, మెల్లని శబ్దం అందని ఆ చెవికే పెద్ద శబ్దం గుచ్చుకుంటుంది. అరవొద్దు అన్నది అందుకే.

ఇప్పుడు ఫోన్ సంగతి చెప్పాలి. నిజానికి నేను వచ్చింది దీనికోసమే. ఒకరోజు నాన్న చిన్ననాటి స్నేహితుడి ఇంటినుంచి ఫోన్ వచ్చింది. అప్పటికే నాన్నకు ఒక అలవాటు పడింది. అర్థంకాని మాట ఎదురైతే నవ్వుతూ ‘మంచిది, మంచిది’ అనేసేవారు. ఎన్నిసార్లని ‘ఏమిటీ’ అని అడుగుతారు? ఆ రోజూ అదే అన్నారు. అవతల చెబుతున్నది ఆ స్నేహితుడు పోయాడని. సాయంత్రం అమ్మ కాగితం మీద రాసి చూపించేదాకా ఆయనకు తెలియదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఫోన్ ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళకు రానన్నారు. పిల్లలు గదిలోకి వస్తే నిద్ర నటించేవారు. మేం పక్కగదిలో మెల్లగా మాట్లాడుకుంటే ‘నా గురించేనా?’ అనేవారు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. నాన్న పక్కన కూర్చుని మా ఇద్దరి పెదాలూ మార్చి మార్చి చూస్తున్నారు. నిద్రకు మాత్రలు రాశారు. చెవిలోకి ఎవరూ చూడలేదు. ఇంటికొస్తూ ఆటోలో ‘ఆయనేమన్నారు?’ అని అడిగారు నాన్న. నేను ‘ఏం లేదులే’ అన్నాను.

ఆ మాట నేను రోజుకు ఎన్నిసార్లు అన్నానో! అందరం నవ్వుతుంటే ‘ఎందుకు నవ్వుతున్నారు?’ అని అడుగుతారు. ‘ఏం లేదులే.’ మనకు ఒక్క నిమిషం శ్రమ తప్పుతుంది. అవతలి మనిషికి మాత్రం ‘నీకు చెప్పాల్సినంత అవసరం లేదు’ అనే వినబడుతుంది. ఆ మాట ఆయనకు ప్రతిసారీ స్పష్టంగానే వినబడేది.

ఇది మా నాన్న ఒక్కరి కథ కాదు. బీథోవెన్ అంతటి సంగీతకారుడు 1802లో, తన 31వ ఏట, తమ్ముళ్ళకు ఒక ఉత్తరం రాశాడు. చెవుడు వస్తోందని నలుగురికీ చెప్పుకోలేక మనుషులకు దూరమయ్యానని, చావాలనిపించిందని అందులో ఉంది. ఆ ఉత్తరం పంపనేలేదు. చనిపోయాక కాగితాల్లో దొరికింది.

రోజంతా సగం మాటలు విని మిగతా సగం ఊహించుకోవడం ఎంత అలసటో ఆలోచించండి. సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు. చిరాకు వస్తుంది. తప్పుగా జవాబిస్తే నవ్వుతారని భయం. నలుగురిలోకి వెళ్ళడం మానేస్తే ఆ భయం ఉండదు, కానీ ఒంటరితనం మొదలవుతుంది. అక్కడినుంచి డిప్రెషన్‌కు ఎంతో దూరం లేదు. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం అదుపు చేయగల కారణాల్లో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లోనూ చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం చికిత్సో, సాయమో కావాల్సినంత వినికిడి లోపం ఉన్నవాళ్ళు 43 కోట్లకు పైనే.

ఏం చేయాలి? ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఒక్కోసారి గులిమి అడ్డుపడి ఉంటుంది, తీయిస్తే సరిపోతుంది. ఇంట్లో పుల్లలు, పిన్నులు పెట్టి తిప్పకండి. తర్వాత ఆడియాలజిస్ట్ దగ్గర వినికిడి పరీక్ష. నొప్పి ఉండదు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఉన్నట్టుండి ఒక చెవి వినబడకుండా పోతే అది ఎమర్జెన్సీ. జలుబేమో, తగ్గుతుందేమో అని చూడకండి. అదే రోజు వెళ్ళండి. ఆలస్యమైన కొద్దీ వినికిడి తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

ఇక చెవికి పెట్టుకునే వినికిడి మిషన్ గురించి. నాన్న మొదటి మిషన్ వారంలో సొరుగులోకి పోయింది. చెంచా పడ్డ శబ్దం పిడుగులా ఉందన్నారు, తన గొంతు బిందెలోంచి వచ్చినట్టుందన్నారు. తప్పు ఆయనది కాదు. మిషన్‌ను ఆయన చెవి కొలతకు సరిచేయించాలని, మెదడు మళ్ళీ శబ్దాలకు అలవాటుపడడానికి వారాలు పడుతుందని మాకెవరూ చెప్పలేదు. రెండోసారి రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి, మూడుసార్లు వెళ్ళి సరిచేయించుకున్నాం. ఒకరోజు చూస్తే హాల్లో అటూ ఇటూ నడుస్తున్నారు. ఏమిటంటే, ‘నా చెప్పులు చప్పుడు చేస్తున్నాయి’ అన్నారు.

మిషన్ పెట్టగానే దిగులంతా పోలేదు. అన్నేళ్ళ దిగులు కదా. దానికి విడిగా మానసిక వైద్యుడి చికిత్స కూడా అవసరమైంది. మీ ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర, తిండి తప్పి ఉంటే చెవితోపాటు మనసుకూ వైద్యం చేయించండి. బతకాలని లేదన్న మాట వస్తే వాయిదా వేయకండి. మిషన్‌తో కూడా లాభం లేనంత లోపం ఉంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్ గురించి అడగండి.

ఇంట్లో పని మనది. పక్కగదిలోంచి కేకేయకండి. ఎదురుగా వెళ్ళి, మొహం మీద వెలుగు పడేలా నిలబడి, మామూలు గొంతుతో కాస్త నిదానంగా చెప్పండి. టీవీ ఆపండి. అర్థం కాకపోతే అదే మాట మళ్ళీ అరవకుండా వేరే మాటల్లో చెప్పండి.

చివరి వరుసలో పెద్దాయన చెయ్యెత్తారు. వినబడలేదా అండీ? ఎక్కడిదాకా వినబడింది? ఉండండి, నేనే అక్కడికి వస్తాను. అక్కడినుంచి మళ్ళీ చెబుతాను.