ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్: పనిలో ఉన్న చెయ్యి

సభకు నమస్కారం. టారో గురించి మాట్లాడతారంటే శ్రీకాకుళంలో ఇంతమంది వస్తారనుకోలేదు. ముఖ్యంగా పొందూరు నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న అమ్మలకు దణ్ణం.

ఇవాళ ఒక్క కార్డు గురించే చెబుతాను: ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, అంటే నక్షత్రం గుర్తున్న నాణేల్లాంటి బిళ్లలు ఎనిమిది ఉన్న కార్డు. టారో పదిహేనో శతాబ్దంలో ఇటలీలో పేకాటగా పుట్టింది. జోస్యం చాలా తర్వాత వచ్చి చేరింది. మనవాళ్లు ఎక్కువగా వాడే బొమ్మలు 1909లో లండన్‌లో వెలువడ్డాయి. ఈ పేకను రూపొందించి, కార్డుల అర్థాలు రాసిన ఏ.ఇ. వెయిట్ కోసం పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీశారు. అంతకుముందు చాలా పేకల్లో ఈ కార్డు మీద ఎనిమిది నాణేలే ఉండేవి, మనిషి ఉండేవాడు కాదు. ఆవిడ ఆ నాణేల మధ్య ఒక పనివాణ్ని కూర్చోబెట్టారు. నాకు ఈ పేక మీద ఇష్టం కలిగింది అక్కడే.

ఏప్రన్ కట్టుకున్న కుర్రాడు సుత్తీ ఉలీ పట్టుకుని బిళ్ల మీద నక్షత్రం చెక్కుతున్నాడు. పూర్తయినవి పక్కన కొయ్యకు వరసగా వేలాడుతున్నాయి. ఊరు ఎక్కడో వెనకాల ఉంది. తల ఎత్తి అటు చూడడు.

ఈ కార్డు పడగానే "ఉద్యోగం వచ్చేస్తుంది" అని చెప్పేస్తుంటారు. వెయిట్ రాసిన అర్థాల్లో ఉపాధి ఉన్న మాట నిజమే. దాంతోపాటు చేతిపనిలో నేర్పు, అదీ ఇంకా సన్నాహంలో ఉన్న నేర్పు కావచ్చునన్నాడు. ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలకు ఈ రెండో మాట చెప్పకుండా పంపడం అన్యాయం.

దీని అర్థం కళ్లారా చూడాలంటే పొందూరులో సన్న ఖాదీ నూలు వడికే ఇంటి అరుగు మీద కాసేపు కూర్చోండి. వాలుగ చేప దవడ ఎముక చేత్తో పట్టుకుని, దాని సన్నటి పళ్లతో గింజ మీదున్న పత్తిని దువ్వుతారు. ఒక్కొక్క గింజనీ విడిగా. చెత్త రాలిపోతుంది, పోగులు చిక్కు వీడి సాపవుతాయి. తర్వాత చెక్క మీద పెట్టి ఇనప కడ్డీతో గింజ తీస్తారు. దూది ఏకి, ఏకులు చుట్టి, నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. రాట్నం ముందుకు వచ్చేది అప్పుడు! చాలా సన్నదైన నూరో నంబరు నూలు దాకా వడికే చేతులవి. మొదటి గింజ దగ్గర ఎంత ఓపికో, పొద్దు వాలేవేళ చేతికొచ్చిన గింజ దగ్గరా అంతే ఓపిక. కొయ్యకు వేలాడే ఆ బిళ్లలన్నీ నాకు ఈ గింజల్లాగే కనిపిస్తాయి.

అయితే ఓపిక ఒక్కటే చెప్పి ఊరుకుంటే నాకు మనసొప్పదు. త్రీ ఆఫ్ పెంటకిల్స్ కార్డులో ఒక శిల్పి మఠంలో పనిచేస్తుంటాడు. ఎదురుగా ఇద్దరు నిలబడి ఉంటారు, ఒకరి చేతిలో నమూనా కాగితం. ఈ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూడమన్నాడు వెయిట్. ఎయిట్‌లో నేర్చుకుంటున్నవాడికి తగిన ప్రతిఫలం దక్కిందనీ, త్రీలో అతను అసలు పనిలో దిగాడనీ రాశాడు. ప్రతిఫలం అన్నాడు, గమనించండి. మరి దువ్వి, ఏకి, వడికిన అమ్మకు దక్కుతున్నదెంత? కూలి గిట్టక కూతుళ్లు రాట్నం ముట్టడం లేదంటే తప్పు వాళ్లది కాదు. బొమ్మలో వెనకాల ఉన్న ఊరు మనమే.

ఎయిట్ తలకిందులుగా పడితే ఆయన చెప్పిన అర్థాల్లో పేరాశ, వడ్డీ పిండుకోవడం ఉన్నాయి. పొందూరు పేరు చెప్పి మిల్లు నూలు బట్ట అంటగట్టేవాళ్లకు చూపించాల్సిన కార్డది.

అందుకే ఈ కార్డు తీసినవాళ్లను నేను రెండు సంగతులు అడుగుతాను: ఇప్పుడు చేతిలో ఉన్న పనేమిటి, దానికి కూలి కట్టేదెవరు?

నా మాట అయింది. ప్రశ్నలు తర్వాత తీసుకుందాం. ముందు మైకు ఆ అమ్మలకివ్వండి.