మోడలర్‌కు సరిజోడు ఏ స్పీకర్? హెడ్‌రష్ 108, ఫెండర్ ఎఫ్‌ఆర్-12 రివ్యూ

అందరికీ నమస్కారం. చెన్నై వడపళనిలోని మా గది నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియో హెలిక్స్, క్వాడ్ కార్టెక్స్ వంటి మోడలర్లు, అంటే యాంప్, క్యాబినెట్ల ధ్వనిని డిజిటల్‌గా అనుకరించే పరికరాలు, వాడే గిటారిస్టుల కోసం.

మామూలు గిటార్ క్యాబినెట్‌లోని స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటగానే చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్‌లోని గరగరను వడకట్టేది ఆ బలహీనతే. మోడలర్‌లో ఆ పనిని ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్, అంటే క్యాబినెట్ ధ్వని ముద్రను పట్టుకున్న ఫైల్) చేస్తుంది కనుక, దాని తరువాత వచ్చే స్పీకర్ తన సొంత పైత్యం కలపకుండా వచ్చినదాన్ని వచ్చినట్టు వినిపించాలి. ఇప్పుడు ఐఆర్‌ను ఆపుతున్నాను, వినండి. కందిరీగల తుట్టెను కదిపినట్టు ఉంది కదా? ఆ తప్పు స్పీకర్‌ది కాదు.

ఇలా ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్లనే ఎఫ్‌ఆర్‌ఎఫ్‌ఆర్ (ఫుల్ రేంజ్, ఫ్లాట్ రెస్పాన్స్) అంటారు. హెడ్‌రష్ ఎఫ్‌ఆర్‌ఎఫ్‌ఆర్-108లో 8 అంగుళాల వూఫర్ ఉంది. అట్టపెట్టె మీది 2000 వాట్లు పీక్, అంటే క్షణకాలపు గరిష్ఠ లెక్క కాబట్టి ఆ అంకెకు మురిసిపోనక్కరలేదు. వెనుకనున్న, ధ్వని స్వభావాన్ని మార్చే కాంటూర్ స్విచ్‌ను ఆపి ఉంచండి. ఫెండర్ టోన్ మాస్టర్ ఎఫ్‌ఆర్-12లో 12 అంగుళాల స్పీకర్, 1000 వాట్లతో పాటు బాస్, మిడ్, ట్రెబుల్, మరీ పైనున్న శబ్దాన్ని తగ్గించే హై కట్ నాబ్‌లు ఉన్నాయి. తటస్థంగా ఉండవలసిన పెట్టెకు ఇన్ని నాబ్‌లు ఎందుకని మొదట అనిపించినా, హాలు మారిన ప్రతిసారీ ప్రీసెట్లు (మోడలర్‌లో దాచుకున్న సెట్టింగులు) తిరగరాసుకోవడం కంటే వేదిక మీద ఒక్క హై కట్ తిప్పుకోవడమే నయమని నా అభిప్రాయం.

అసలు చిక్కు వాల్యూమ్‌తో వస్తుంది. శబ్దం స్థాయిని బట్టి బాస్, ట్రెబుల్‌లను చెవి గ్రహించే తీరు మారుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే చూపించారు. అందువల్ల అపార్ట్‌మెంట్‌లో, పక్కింటివారు నిద్రపోయాక, తక్కువ శబ్దంతో తీర్చిదిద్దిన ప్రీసెట్, డ్రమ్మర్ పక్కన వాల్యూమ్ పెంచేసరికి కింద బాస్‌లో దద్దరిల్లుతూ పైన ట్రెబుల్‌లో చెవులు కోస్తుంది. రిహార్సల్ స్థాయిలోనే సరిచేసుకుని, మోడలర్‌లో అడుగు శబ్దాన్ని తగ్గించే లో కట్‌ను 80-100 హెర్ట్జ్ దగ్గర, హై కట్‌ను 6-8 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టి మొదలుపెట్టండి. స్పీకర్‌ను గది మూలకు చేర్చితే బాస్ ఉబ్బుతుంది. నేల మీద నిటారుగా పెడితే ట్రెబుల్ మీ మోకాళ్లకు వినిపిస్తుంది తప్ప మీకు వినిపించదు, కాబట్టి వెనక్కి వాల్చండి.

ఇంట్లో మాత్రమే వాయించేవారికి ఈ రెండూ అక్కరలేదు. యమహా హెచ్‌ఎస్5 వంటి స్టూడియో మానిటర్ల జత చాలు. బ్యాండ్‌తో వాయించేవారికి నా ఓటు ఎఫ్‌ఆర్-12కే. కొనే ముందు మీ మోడలర్‌నే మౌంట్ రోడ్డులోని దుకాణానికి తీసుకువెళ్లి, మీ ప్రీసెట్‌నే వాయించి, వాల్యూమ్ బాగా పెంచనిమ్మని అడగండి.